లెక్కలో తేలని చెట్టు

డిసెంబరు రెండో శనివారం. తెల్లారకముందే
గొర్రెల్ని పై పొలానికి తోలేసి
ఖాళీ అయిన చోట "కార్లు ఇటు" అని పలక తగిలించాను.
రాత్రంతా కురిసిన వాన
వేల్స్ కొండల మీద కూర్చుని ఇంకా ముక్కు చీదుతోంది.
బురదకు మొహమాటం లేదు
కొత్త బూట్లనీ పాత బూట్లనీ ఒకేలా కౌగిలించుకుంటుంది.

పదింటికి మొదలైంది రాక.
కార్డిఫ్ నుంచి, ష్రూస్‌బరీ నుంచి,
వెనక సీట్లో వాంతి చేసుకున్న పిల్లాడితో,
ఒళ్ళో కుక్కతో, కోటు మర్చిపోయిన మామ్మతో.
గేటు దగ్గర నేను
చాచిన ప్రతి చేతి మీదా నక్షత్రం ముద్ర కొడతాను.
"నదోలిగ్ హ్లావెన్" అంటాను మా భాషలో.
తిరిగి అనబోయి వాళ్ళ నాలుక మడత పడుతుంది,
ఇద్దరం నవ్వుకుంటాం.
దానికి టికెట్ లేదు.

కొట్టంలో మా మరిది ఎమ్రిస్ శాంతా క్లాజు.
పొద్దున్నే ఆవుకి పురుడు పోసి వచ్చాడు.
మూడుసార్లు సబ్బు రుద్దినా
ఎర్రకోటు లోంచి పశువుల పాక పలకరిస్తోంది.
"నీ దగ్గర ఆవు వాసనేంటి?" అని ఓ పాప నిలదీస్తే
"రెయిన్‌డీర్లకి జలుబమ్మా, ఈసారి ఆవుల బండి" అన్నాడట.

మధ్యాహ్నం బడిపిల్లల నాటకం.
యోసేపు పాత్రధారి అమ్మ కావాలని ఏడ్చాడు.
మా గాడిద మేజర్
తొట్టిలో గడ్డి సగం నమిలి
బాలయేసు బొమ్మను మూతితో మెల్లగా పక్కకి జరిపి
మిగతా సగం కూడా తినేసింది.
చప్పట్లన్నీ దానికే.

చెట్ల సంగతి చెప్పలేదు కదూ.
ఎనిమిదేళ్ళ కిందట నేనూ మా ఆయనా
వంగి వంగి నాటిన మొక్కలు.
ముందు ఆయన నడుము పోయింది, తర్వాత ఆయన పోయాడు.
చెట్లు మాత్రం ఏడాదికో జానెడు
ఎవరి కోసమూ ఆగకుండా ఎదిగాయి.
ఇవాళ వాటిని మూరల లెక్కన అమ్ముతున్నాను.

మూడింటప్పుడు వచ్చారు గెథిన్, ఏడేళ్ళ లోవ్రి.
గంటసేపు వరసల మధ్య తిరిగి
ఆ పిల్ల రెండు చెట్లు పట్టుకుంది,
ఒకటి పొడుగు, ఒకటి తన ఎత్తు.
"ఒకటి చాలు కదా" అన్నాడు తండ్రి.
"ఒకటి అమ్మ వాళ్ళింటికి" అంది పిల్ల.
ఆయన పర్సు తెరిచాడు,
మూశాడు, మళ్ళీ తెరిచాడు.
నేను వలసంచీ చుట్టే యంత్రం వైపు తిరిగి
చాలాసేపు దాన్నే తుడిచాను.
"చిన్నది కొన వంకర. అమ్ముడుపోదు. పట్టుకెళ్ళండి" అన్నాను.
కొన సూదిలా నిటారుగా ఉంది.
ముగ్గురం దాన్నే చూశాం.
ఎవరూ ఏమీ అనలేదు.

నాలుగున్నరకే చీకటి.
అందరూ వెళ్ళాక ఒక్క కారు
బురదలో చక్రాలు గిర్రున తిప్పుతూ మిగిలింది. వాళ్ళదే.
ఎమ్రిస్ ట్రాక్టర్ తెచ్చాడు
ఒంటి మీద ఎర్రకోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు.
గడ్డం అద్దానికి వేలాడుతోంది.
లోవ్రి గడ్డాన్ని చూసింది, మొహాన్ని చూసింది,
మళ్ళీ గడ్డాన్ని చూసింది.
నాకు గుండె ఆగినంత పనైంది.
గొలుసు బిగిసి కారు బయటపడ్డాక
కిటికీ దించి, జేబులోంచి సగం కొరికిన క్యారెట్ తీసి
ఎమ్రిస్ చేతిలో పెట్టింది.
"ట్రాక్టర్‌కి" అంది.

కారు వెనక దీపాలు వంపు తిరిగాయి.
పైకప్పు మీద రెండు చెట్లు,
ఒకదాని తల ఇంకోదాని పాదాల దగ్గర.

వంటింట్లో తడి మేజోళ్ళు పొయ్యి మీద ఆరేసి
లెక్కల పుస్తకం ముందేసుకున్నాను.
చెట్లు అరవై మూడు, డబ్బు అరవై రెండింటికి.
ఎదురుగా "కొన వంకర" అని రాశాను.
ఆయన ఉంటే అద్దాలు సవరించుకుని అడిగేవాడు,
మనం వంకరవి ఎప్పుడు నాటామే అని.

ఎమ్రిస్ బయట చీకట్లో ఉన్నాడు.
ట్రాక్టర్ ముందు నిలబడి
క్యారెట్ ఎక్కడ పెట్టాలో తెలియక
తనే కొరుకుతున్నాడు.